తెర మీది బడి

కరోనా వలన బడులు మూతపడిన వేళ, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. తెలుగు పల్లెలకు ఇది తొలి అనుభవం కాదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు, 'సైట్' ప్రయోగంలో భాగంగా అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. తెలుగులోనూ వచ్చాయి. అయితే ఆ టీవీకి చెప్పడమే గాని వినడం తెలియదు. పిల్లవాని సందేహం పాఠం చెప్పినవారికి చేరే దారి లేదు.

ఆ దారిని 2020లో వాట్సాప్ కొంత తెరిచింది. మా సిద్దిపేటలోనూ ఉపాధ్యాయులు అభ్యాసపత్రాలు పంపితే, పిల్లలు జవాబులు వ్రాసి నోటుపుస్తకం ఫోటో తిరిగి పంపేవారు. ఒత్తు తప్పిన చోట ఎర్రగీత పడి మళ్ళీ వచ్చేది. భాష నేర్పినవాడిగా నాకు ఆ ఎర్రగీతే ముఖ్యం. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి వెంట పొలానికి పోతే, సాయంత్రం దాకా ఆ పిల్లకు మిగిలింది 1975 నాటి టీవీయే.