కాకినాడ మీద బాంబులు పడ్డ రోజు: మన మ్యాప్ లేని ఆట

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను.

కొన్నాళ్ల క్రితం ఒక షార్ట్ పెట్టాను. సిమ్యులేటర్‌లో జీరో ఫైటర్ నడుపుతూ, "1942లో ఇదే విమానం మన కాకినాడ మీద బాంబులేసింది" అని చెప్పాను. వెనకాల మాంచి మ్యూజిక్ కూడా పెట్టాను. కానీ ఆ విమానం తప్పు. సరిదిద్దుకుందామని చదవడం మొదలుపెడితే, ఇంకో పెద్ద తప్పు బయటపడింది. అదేంటో చివర్లో చెప్తాను.

నా గురించి తెలియనివాళ్ల కోసం: మాది అమలాపురం. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచి నా పిచ్చి ఒకటే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు నడపడం. నిజంగా కాదులెండి, కంప్యూటర్లో. ఐఎల్-2తో మొదలుపెట్టి, క్లిఫ్స్ ఆఫ్ డోవర్, డీసీఎస్ దాకా వచ్చాను. ఇవి మొబైల్ గేమ్ లాంటివి కావు. స్పిట్‌ఫైర్ ఇంజిన్ స్టార్ట్ చేసి నేల మీద ఎక్కువసేపు తిప్పితే చాలు, వేడెక్కిపోతుంది. తొలి మోడళ్లలో ముక్కు ఒక్కసారిగా కిందకి దించితే ఇంజిన్‌కి పెట్రోల్ అందక దగ్గుతుంది. అదే జర్మన్ మెసర్‌ష్మిట్ 109 హాయిగా కిందకి దూకేస్తుంది, ఎందుకంటే దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. ఆ కాలం పైలట్లకి ఉన్న తలనొప్పులన్నీ ఇందులో ఉంటాయన్నమాట.

ఇక అసలు కథలోకి వద్దాం.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశాయి. రంగూన్ అంటే మన పెద్దవాళ్లు చెప్పే "రంగం". గోదావరి జిల్లాల నుంచి, విశాఖ వైపు నుంచి వేలమంది అక్కడికి కూలి పనులకి వెళ్లేవారు. బర్మాలో తెలుగువాళ్లని "కోరంగీలు" అనేవారు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మన యానాం దగ్గరి పాత రేవు కోరంగి నుంచే. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. బాంబులు పడగానే అందరూ ఇంటిదారి పట్టారు. ఓడ దొరికినవాళ్లు ఓడలో వచ్చారు. దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటి నడిచారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి వెళ్లింది. అదే నెల 23న అండమాన్ కూడా పోయింది. అంటే బంగాళాఖాతం తలుపు తెరుచుకున్నట్టే.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. నగుమో నడిపిస్తున్న పెద్ద విమానవాహక నౌకల దళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో ఒజావా నాయకత్వంలో ఇంకో చిన్న దళం బంగాళాఖాతంలో తిరుగుతోంది. దాని పని సరుకు ఓడల్ని ముంచడం. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడల్ని ముంచేసింది. ఆ దళంలో ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక పేరు ర్యూజో.

ఏప్రిల్ 6న ఆ ర్యూజో నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వచ్చినవి నకజిమా బీ5ఎన్ రకం, అమెరికన్లు "కేట్" అని పేరు పెట్టిన ముగ్గురు కూర్చునే బాంబర్లు. ర్యూజో మీద అప్పుడున్న ఫైటర్లు కూడా జీరోలు కావు, చక్రాలు లోపలికి ముడుచుకోని పాతరకం ఏ5ఎమ్‌లు. నా షార్ట్‌లో తప్పు ఇదే.

అమలాపురం నుంచి కాకినాడకి గీత గీసినట్టు కొలిస్తే సుమారు యాభై కిలోమీటర్లు. కేట్ మామూలుగా గంటకి 260 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే మన ఊరి మీదకి రావాలనుకుంటే పది, పన్నెండు నిమిషాల పని.

ఓడలు, రేవులు దెబ్బతిన్నాయి కానీ పోర్టులు పూర్తిగా నాశనం కాలేదు. భయం మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. విశాఖ ఖాళీ అయింది. అదే నెలలో మద్రాసులో గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం ఆఫీసుల్ని లోపలి ఊళ్లకి తరలించింది, జనాన్ని నగరం వదిలి వెళ్లమంది.

ఆ రోజు ఈ బాంబర్లని అడ్డుకోవడానికి మన తీరం మీద ఒక్క ఫైటర్ కూడా లేవలేదు. తీరం గస్తీకి ఉన్న కోస్ట్ డిఫెన్స్ ఫ్లైట్లలో 1920ల నాటి వాపిటి విమానాలు ఇంకా ఎగురుతున్నాయి. రెండు రెక్కల వరసలు, పైన కప్పు లేని కాక్‌పిట్. సిమ్యులేటర్‌లో ఎవడైనా వాపిటితో యుద్ధానికి వెళ్తానంటే మనం నవ్వుతాం.

ఇప్పుడు అసలు మెలిక వినండి. బ్రిటన్ వాయుసేనలో 79, 234, 264 అని మూడు స్క్వాడ్రన్లు ఉండేవి. మూడింటికీ పేరులో ఒక మాట కామన్: "మద్రాస్ ప్రెసిడెన్సీ". యుద్ధానికి ఈ ప్రెసిడెన్సీ ఇచ్చిన విరాళాలకి గుర్తుగా పెట్టిన పేరు అది. అప్పట్లో 5,000 పౌండ్లు ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ కొనిచ్చినట్టు లెక్క. కోనసీమ అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో, ఆ జిల్లా మద్రాస్ ప్రెసిడెన్సీలో. నైజాం పేరు మీద కూడా ఉన్నాయి: స్పిట్‌ఫైర్లు నడిపిన 152 "హైదరాబాద్" స్క్వాడ్రన్, హరికేన్లు నడిపిన 253 "హైదరాబాద్ స్టేట్" స్క్వాడ్రన్.

అంటే మన పేరు ఉన్న ఫైటర్లు ఉన్నాయి. కానీ కాపలా కాసింది ఇంగ్లండ్ ఆకాశాన్ని. 79వ స్క్వాడ్రన్ ఇండియాకి వచ్చి హరికేన్లతో బర్మా యుద్ధంలోకి దిగేసరికి కాకినాడ దాడి పాత వార్త అయిపోయింది. ఆ యుద్ధం మనం కోరుకున్నది కాదు, మనల్ని అడిగి మొదలుపెట్టిందీ కాదు. డబ్బులు ఇక్కడివి, బాంబులు పడిందీ ఇక్కడే, విమానాలు మాత్రం అక్కడ.

సిమ్యులేటర్‌లో కూడా అంతే కదా. నేను ఆడే ఆటల్లో ఇంగ్లిష్ ఛానల్ ఉంది, నార్మండీ ఉంది, స్టాలిన్‌గ్రాడ్ ఉంది. నేను 234 స్క్వాడ్రన్ రంగులు వేసుకుని డోవర్ మీద ఎగరగలను. కాకినాడ మీద ఎగరలేను, ఎందుకంటే ఆ మ్యాప్ లేదు.

ఇక చివర్లో చెప్తానన్న తప్పు. ఆ షార్ట్ కోసం రేవులో ఓడల మీద దాడి చేసే మిషన్ ఆడుతుంటే, మా తాతయ్య వెనక మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఓడ పేలగానే నేను "యెస్" అని అరిచాను. ఆయన మెల్లగా, "ఒరేయ్ అబ్బాయ్, ఇది కాకినాడే అంటున్నావు కదా. మరి నువ్వు పైనున్నావేంటి? మనం కిందున్నాం కదరా" అన్నారు.

1942లో ఆయనకి ఎనిమిదేళ్లు. బాంబు శబ్దం ఆయన వినలేదు. గుర్తున్నదల్లా గోదావరి రేవు. అప్పటికి యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లేదు. కాకినాడ నుంచి జనం మూటలు, ఇత్తడి బిందెలు పట్టుకుని పడవల్లో మా వైపు దాటేవారట. తాతయ్యవాళ్ల ఇంటి వసారాలో మూడు కుటుంబాలు దిగాయి. అందులో ఒకాయన అప్పుడే రంగం నుంచి నడిచి వచ్చిన మనిషి. రాత్రి ఎవరైనా దీపం వెలిగిస్తే చాలు, పరుగెత్తుకొచ్చి ఆర్పేసేవాడట. తాతయ్య వాళ్లమ్మ ఆయన్ని ఏమీ అనేది కాదు. చీకట్లోనే అన్నం పెట్టేది.

ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను అడగబట్టి, ఆయన ఇంకా ఉండబట్టి మనకి దొరికింది. ర్యూజో ఏమైందో మాత్రం అందరూ రాసిపెట్టారు: 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానాలు దాన్ని ముంచేశాయి. మన వసారాల లెక్క రాసినవాళ్లు తక్కువ.

నేను ఆ షార్ట్ తీసేశాను. ఆట మాత్రం మానలేదు, మానను కూడా. విమానాల మీద నాకున్న ఇష్టం అలాగే ఉంది.

మీకు ఒక్క పని. మీ చేతిలో ఫోన్ ఉంది, రికార్డర్ ఉంది. రాజోలులోనో, కొత్తపేటలోనో, కాకినాడలోనో మీ ఇంట్లో తొంభై దగ్గర పడ్డవాళ్లు ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని, "బాంబులప్పుడు మీరు ఎక్కడున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా రికార్డ్ చేయండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి, ఆయ్.