ఎర్రనీళ్లు, వయొలెట్ పూల పానకం

పసుపులో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుందని మనలో ఎవరికి తెలియదు? పారాణి అలాగే కలుపుతాం, దిష్టి తీసే ఎర్రనీళ్లూ అంతే. ఆ నీళ్లలోనే బాగా నిమ్మరసం పిండి చూడండి, మళ్లీ పచ్చబడతాయి. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. పిల్లల పుస్తకాల్లో పసుపును 'సూచిక' అనేది ఇందుకే.

ఇంగ్లండ్‌లో ఈ పని వయొలెట్ పూల పానకం చేసింది. నీలంగా ఉండే ఆ పానకం పులుపు తగిలితే ఎర్రగా, క్షారం తగిలితే ఆకుపచ్చగా మారుతుందని రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద అచ్చువేసిన పుస్తకంలో రాశాడు. అదేమీ ప్రయోగశాల సరుకు కాదండీ. మన కషాయాల్లాగే అక్కడి ఆడవాళ్లు ఇంట్లో మందుగా కాచి దాచుకునేది. బాయిల్ 1668 నుంచి లండన్‌లో అక్క కేథరిన్ ఇంట్లోనే ఉన్నాడు, ప్రయోగాలూ అక్కడే. 1691 డిసెంబరులో ఆవిడ పోయింది, వారం దాటగానే ఆయనా పోయాడు.

పులుపంతా ఆక్సిజన్ వల్లేనని తర్వాత ఫ్రాన్సులో లావోజియే అన్నాడు. ఆక్సిజన్ అనే పేరుకు అర్థమే 'ఆమ్లాన్ని పుట్టించేది'. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదని 1810లో డేవీ తేల్చాడు. అయినా పేరు పోలేదు. మన పాత తెలుగు పాఠాల్లోని 'ఆమ్లజని' ఆ పొరపాటుకు అనువాదమే!

పులుపుకు కొలత దొరికింది మాత్రం 1909లో, కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవాళ్ల ప్రయోగశాలలో. ఎంజైములు ఎంత పులుపులో బాగా పనిచేస్తాయో తెలియాలంటే రంగు చూసి 'కొంచెం, ఎక్కువ' అనుకుంటే చాలదు. అందుకే సోరెన్సెన్ పీహెచ్ అనే లెక్క పెట్టాడు. ఒక్క అంకె తగ్గితే పులుపు పదిరెట్లు పెరిగినట్టు. పాలు 6.6 దగ్గర, తోడుకున్న పెరుగు 4.5 దగ్గర ఉంటాయి. చూడ్డానికి రెండంకెల తేడా. కానీ పెరుగులో హైడ్రోజన్ అయాన్లు పాలకన్నా వందరెట్లకు పైమాటే.

సోరెన్సెన్ పరిశోధనల్లో ఆయన భార్య మార్గరెట్ కూడా పనిచేసింది. పీహెచ్ అనగానే అందరూ చెప్పేది ఆయన పేరొక్కటే. మా అమ్మాయి నోట్సులోనూ అంతే ఉంటే, పక్కన ఆవిడ పేరు కూడా రాయించాను. పరీక్షలో అలా రాస్తే మార్కు కోసేస్తారేమోనని దాని భయం.