చాకలిపేట దారిలో చక్రమూ బ్రేకూ



మద్రాసు జార్జిటౌను దాటి ఉత్తరంగా సాగితే వచ్చే పాత పేటల్లో వాషర్‌మెన్‌పేట్ ఒకటి. తమిళంలో వణ్ణారపేట, మన పెద్దవాళ్ల నోట చాకలిపేట. ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం సాగిన పద్దెనిమిదో శతాబ్దంలో, మగ్గం మీంచి దిగిన గుడ్డను ఉతికి చలువ చేసేవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. పేటకు ఆ పేరే నిలిచింది. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరున వెలసిన కళాశాల కూడా ఈ పేటలోనే ఉంది.

అయితే ఇవాళ్టి ప్రసంగం గుడ్డల గురించి కాదు. ఈ పేట మీదుగా తండయారుపేట దాటి ఉత్తరానికి పోయే తిరువొత్తియూరు హైరోడ్డు గురించి. ఆ దారి చివర తయారైన ఒక మోటారుసైకిలు గురించి. ఇంకా చెప్పాలంటే, దాని ముందు చక్రం గురించి, ఆ చక్రాన్ని ఆపే బ్రేకు గురించి.

ఇదేం చరిత్ర అని మీకు అనిపించవచ్చు. సూళ్లూరుపేట నుంచో, నగరి నుంచో, గుమ్మిడిపూండి నుంచో కుర్రవాళ్లు బండి వేసుకుని మద్రాసు వస్తారు. మెకానిక్ షెడ్డు ముందు ఆపి, "అన్నా, ముందర పెద్ద చక్రం వేసెయ్యి" అంటారు. వాళ్ల బండి ఎక్కడినుంచి వచ్చిందో, దానికి ఆ బ్రేకు ఎందుకు పెట్టారో తెలిస్తే ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ కథ.

స్వాతంత్ర్యం వచ్చిన చుట్టుపక్కల రోజుల్లో ఉత్తర మద్రాసు చక్రాల సీమగా మారింది. 1946లో తిరువొత్తియూరులో ఒక చిన్న షెడ్డులో కె.ఎం. మమ్మెన్ మాప్పిళ్లై పిల్లల బెలూన్లు తయారు చేయడం మొదలుపెట్టారు. అదే ఎమ్మారెఫ్. 1952లో అరిగిన టైర్లకు వేసే ట్రెడ్ రబ్బరులోకి, ఆ తర్వాత 1961లో టైర్ల తయారీలోకి ఆ సంస్థ అడుగుపెట్టింది. 1948లో పుట్టిన అశోక్ మోటార్స్, తర్వాత అశోక్ లేలాండ్ అయి, ఎన్నూరులో లారీలు, బస్సులు తయారు చేసింది. 1960ల నాటికి కాస్త పడమటి వైపు పాడిలో వీల్స్ ఇండియా చక్రాలు, బ్రేక్స్ ఇండియా బ్రేకులు తయారు చేసేవి. అవి ముఖ్యంగా పెద్ద వాహనాల కోసం. ఏమైనా టైరు, చక్రం, బ్రేకు, ఇంజను అన్నీ కొద్ది మైళ్ల లోపలే తయారయ్యే ఊరుగా మద్రాసు ఎదిగింది.

మన మోటారుసైకిలు కథ 1955లో మొదలవుతుంది. ఆ దశకంలో మన సైన్యం సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్లను ఎంచుకుని 800 బండ్లకు ఆర్డరు పెట్టింది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో మద్రాస్ మోటార్స్ చేతులు కలిపింది. ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరులో కార్ఖానా లేచింది. మొదట విడిభాగాలు ఓడలో తెప్పించి ఇక్కడ బిగించేవారు. తర్వాత్తర్వాత భాగాలన్నీ ఇక్కడే తయారు చేయసాగారు. విచిత్రం చూడండి. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ముగిసిపోయింది. తల్లి పోయినా తిరువొత్తియూరు బిడ్డ బతికింది. 1994లో ఐషర్ సంస్థలో కలిసి, మళ్లీ రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్న పాత పేరే పెట్టుకుంది.

బిడ్డ బతికింది సరే, తల్లి ఇచ్చిన బట్టలే చాలా ఏళ్లు కట్టుకుంది. అందులో ముందు బ్రేకు ఒకటి. 19 అంగుళాల చక్రం నడుమ ఒక డ్రమ్ము. చాలా బండ్లకు అది ఆరు అంగుళాలది. తర్వాత కొన్ని మోడళ్లకు ఏడు అంగుళాలది వచ్చింది. డ్రమ్ములో రెండు బ్రేకు షూలుంటాయి. పిడి పట్టగానే అవి విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. మామూలు డ్రమ్ములో ఒక్క షూ మాత్రమే చక్రం తిరిగే ఊపుకు తానే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, రెండోది అంతగా పట్టదు. రెండు కామ్‌లు పెట్టి రెండు షూలనూ అలా పట్టుకునేట్టు చేసిన డ్రమ్ము తర్వాత వచ్చింది. అది మెరుగే. కానీ వానలో నీళ్లు చేరితే పట్టు తగ్గుతుంది, వేడెక్కితే మరీ తగ్గుతుంది. డ్రమ్ముల స్వభావమే అంత.

1950ల నాటి రోడ్లకు ఆ బ్రేకు సరిపోయేది. కంకర రోడ్డు, ఎదురుగా ఎడ్లబండి, గంటకు 40 కిలోమీటర్లు పోతే గొప్ప. మన పల్లెల్లో ఒక మాట స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే: "ముందు బ్రేకు పట్టకురా, బోర్లా పడతావు." ఇసుక మీద, కంకర మీద ఆ మాటలో నిజం ఉంది. ముందు చక్రం బిగుసుకుపోతే బండి జారుతుంది. కానీ పొడి తారు రోడ్డు మీద సంగతి వేరు. బ్రేకు పట్టగానే బండి బరువంతా ముందుకు వంగుతుంది. వెనక చక్రం తేలికై జారడానికి సిద్ధమవుతుంది. బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే, మూడింట రెండు వంతులో అంతకన్నా ఎక్కువో దాని పనే. తాతల నాటి జాగ్రత్త మనవళ్ల కాలానికి ప్రమాదమైంది. ఇప్పటికీ ముందు పిడి ముట్టుకోకుండా కాలి బ్రేకు ఒక్కటే తొక్కేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో మీకు తెలుసు.

వేగం పెరిగి బ్రేకు పెరగకపోతే ఏమవుతుందో చూపించిన బండి మరొకటి ఉంది. 1983లో ఎస్కార్ట్స్ వారు యమహా సహకారంతో రాజ్‌దూత్ 350 తెచ్చారు. జపానులో ఆ బండికి ముందు డిస్కు బ్రేకు ఉండేది. ఇక్కడ దాని బదులు ఏడు అంగుళాల డ్రమ్ము పెట్టారు. ఇంజను మాత్రం గుర్రం. బండి పరుగు చూసి మోజుపడ్డ కుర్రకారుకు, ఆగే విషయంలో అది అంత చురుకు కాదని నడిపాకగానీ తెలియలేదు. ఆ తర్వాత దానికి డిస్కు ఎలా అమర్చాలా అని షెడ్లలో తంటాలు పడ్డవాళ్లు చాలామంది.

డిస్కు బ్రేకు అంటే చక్రంతో పాటు తిరిగే ఒక ఉక్కు పళ్లెం. దాన్ని రెండు వైపులనుంచీ ప్యాడ్లు నొక్కుతాయి. పళ్లెం గాలిలోనే ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది, నీళ్లు త్వరగా విదిలించుకుంటుంది. 1969లో హోండా సీబీ 750 ఆ డిస్కును మామూలు జనం కొనే మోటారుసైకిలుకు తెచ్చింది. మన దేశంలో అది జనానికి బాగా అలవాటైంది 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ల కాలంలో. 2009లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌కు 280 మిల్లీమీటర్ల డిస్కు ముందు చక్రానికి వచ్చింది.

ఆ నడుమ కాలంలో రోడ్లు మారాయి. స్వర్ణ చతుర్భుజి పథకంలో మద్రాసు నుంచి తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా నెల్లూరు పోయే పాత ఐదో నెంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. ఇప్పుడు దాని నెంబరు 16. 40లో పోయే బండి 80లో పోసాగింది. బడిలో చెప్పే లెక్కే ఇది: వేగం రెండింతలైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుంది. ఆ నాలుగింతల శక్తినీ వేడిగా మార్చి మింగాల్సింది ఆ చిన్న డ్రమ్మే. ఎక్కడో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఎక్కడో గేదె అడ్డం వస్తుంది.

ఇక పెద్ద చక్రం మోజుకు వద్దాం. పెద్ద చక్రంలో మేలు లేకపోలేదు. గుంతలో పడినప్పుడు చిన్న చక్రం కన్నా పెద్ద చక్రం సులువుగా ఎక్కి దాటుతుంది. కానీ చాలామందికి ఆ మోజు అంటుకున్నది బొమ్మలు చూసి. అమెరికాలో 1960లలో చాపర్ అనే బండ్లు వచ్చాయి. పొడవాటి ఫోర్కు, సన్నని 21 అంగుళాల ముందు చక్రం. అందం కోసం వాటిలో చాలావాటికి ముందు బ్రేకే పీకేసేవారు. బొమ్మ సముద్రం దాటి వచ్చింది, అందులోని ప్రమాదం సంగతి రాలేదు.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. పాత బుల్లెట్‌కు 19 అంగుళాల రిమ్ము, 3.25 టైరు. ఇరుసు నుంచి నేలకు సుమారు 324 మిల్లీమీటర్లు. దాని బదులు 21 అంగుళాల రిమ్ము, 90/90 టైరు వేస్తే సుమారు 348 మిల్లీమీటర్లు. తేడా 24 మిల్లీమీటర్లు. ఏముందిలే అనిపిస్తుంది. కానీ బావి గిలక పెద్దదైతే దాన్ని పట్టి ఆపడానికి ఇరుసు దగ్గర ఎంత బలం కావాలో ఆలోచించండి. అదే డ్రమ్ము, అదే చెయ్యి. నేల మీద ఆపే బలం మాత్రం వందకు ఏడు పాళ్లు తగ్గుతుంది. అసలే చాలీచాలని బ్రేకులో ఏడు పాళ్లు పోయాయన్నమాట.

నష్టం అక్కడితో ఆగదు. పాత బుల్లెట్‌లో స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది. చక్రం పెద్దదైతే కిలోమీటరుకు తిరిగే చుట్లు తగ్గుతాయి. మీటరు 60 చూపించేసరికి బండి నిజానికి 64లో ఉంటుంది. ముందు భాగం లేవడంతో ఫోర్కు వెనక్కి వాలి, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు హ్యాండిలు బరువనిపిస్తుంది. మడ్‌గార్డుకు టైరు తగులుతుందా, హబ్బులో ఉన్న రంధ్రాల లెక్కకూ రిమ్ము రంధ్రాల లెక్కకూ కుదిరిందా, స్పోకుల పొడవు సరిపోయిందా, ఇవన్నీ చూడాలి.

ఉత్తర మద్రాసు షెడ్లలో ఆరితేరిన మేస్త్రీలు ఉన్నారు. కంటి చూపుతో రిమ్ము వంకర పట్టేవాళ్లు, స్పోకు మీటి మోత విని బిగువు చెప్పేవాళ్లు. అలాంటి మేస్త్రీని కుర్రవాడు "అన్నా, ఇరవై ఒకటి వేస్తావా?" అని అడిగితే, "వేస్తాలే తమ్ముడూ. ఆపేదెట్లా, అది చెప్పు ముందు" అంటాడు. అదీ పనితనం. గంతకు తగ్గ బొంత అన్నట్టు, చక్రానికి తగ్గ బ్రేకు వెదకనివాడు మేస్త్రీ కాడు.

డిస్కు బిగించడం కూడా ఆషామాషీ కాదు. పాత ఫోర్కు కాలికి డిస్కు కాలిపర్ పట్టే చెవులు ఉండవు. లేతు దగ్గర ఇనప పట్టీ కోయించి వెల్డింగు పెట్టిస్తే, బండి ఆగే బలమంతా ఆ అతుకు మీద పడుతుంది. అది ఊడితే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోవచ్చు. డిస్కుకు తగ్గట్టు చేసిన ఫోర్కునే జతగా వేయడం మేలు. పిడి దగ్గరి సిలిండరు, చక్రం దగ్గరి కాలిపర్ ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే పిడి రాయిలా బిగుసుకుంటుంది, లేదా దూదిలా లోపలికి పోతుంది.

కార్ఖానా ఈ పని ఎలా చేసిందో చూడండి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ తెచ్చింది. దాని ముందు చక్రం 21 అంగుళాలే. కానీ దానికి 300 మిల్లీమీటర్ల డిస్కు ఇచ్చారు, ఫోర్కు, ఫ్రేము ఆ చక్రం కోసమే రూపొందించారు. 2023లో వచ్చిన కొత్త హిమాలయన్‌లో డిస్కు 320 మిల్లీమీటర్లకు పెరిగింది. చక్రం పెంచినప్పుడు బ్రేకు కూడా పెరిగింది. షెడ్డులో చక్రం మార్చేవాడు ఆ బాధ్యతంతా తన నెత్తిన వేసుకుంటున్నాడని గుర్తుంచుకోవాలి.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ తప్పనిసరి అయింది. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామన్న తాతల భయానికి ఇంజనీర్లు ఇచ్చిన జవాబు అది. అలాంటి బండికి వేరే చక్రం వేస్తే, చక్రం చుట్లు లెక్కపెట్టి పనిచేసే ఆ ఏర్పాటు లెక్క తప్పవచ్చు.

మన ప్రాంతం వాళ్లకు ఇందులో దగ్గరి సంగతి ఒకటి ఉంది. మద్రాసు నుంచి ఊత్తుకోట, నాగలాపురం మీదుగా తిరుపతి పోయి, బండి మీదే కొండెక్కేవాళ్లు ఎందరో. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేసింది, ఇప్పుడు దిగేది దాని మీదే. ఎక్కడానికి ఇంజను బలం చాలు. దిగేటప్పుడే బ్రేకు సంగతి బయటపడుతుంది. మలుపు మలుపుకూ పిడి నొక్కుతూ దిగితే డ్రమ్ము వేడెక్కి పట్టు వదిలేస్తుంది. కింది గేరులో దిగండి, ఇంజనే బండిని సగం ఆపుతుంది. మధ్యలో ఆగి చక్రం చల్లారనివ్వండి.

తిరువొత్తియూరులో బండ్లు తయారు చేసినవాళ్లు డెబ్బై ఏళ్ల కథలో మనకు నేర్పిన పాఠం ఇంతే. బండి పోవడం ఇంజను గొప్ప, ఇంటికి చేరడం బ్రేకు గొప్ప. మీ ఇంట్లో కుర్రవాడు పెద్ద చక్రం కావాలంటే కసురుకోకండి. "ఆపడం ఎలా?" అని ఒక్క ప్రశ్న అడగండి. దానికి లెక్కతో సహా జవాబు చెప్పగలిగితే వాడు చరిత్ర చదువుకున్నట్టే.