కరణముగారి లెక్కయు, కంప్యూటరు మెమరీయు

ఒకచోట వ్రాసిన లెక్క మరొకచోట వెంటనే కనబడునా? ఈ ప్రశ్న నేటి కంప్యూటరు శాస్త్రమునకెంత ముఖ్యమో, మన కుందారపల్లి, కృష్ణగిరి ప్రాంతముల రెవెన్యూ చరిత్రకును అంత ముఖ్యము.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహాలు ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. అలెగ్జాండరు రీడు, ఆయన సహాయకుడు థామస్ మన్రో 1799 వరకు ఈ సీమలో పనిచేసి రైతువారీ పద్ధతికి పునాది వేసిరి. ఆ పద్ధతిలో గ్రామమున కరణము లెక్క యొకటి, తాలూకా కచ్చేరిలో లెక్క యొకటి యుండెడివి. గ్రామములో పడిన పద్దు కచ్చేరికి ఎక్కుటకు వ్యవధి పట్టెడిది. అందుచేత ఏటేట జమాబందిలో రెంటిని సరిచూచుచుండిరి. తమిళనాట కరణీకములు 1980లో రద్దయినను జమాబంది నేటికిని జరుగుచున్నది.

కంప్యూటరులోని స్థితియు ఇట్టిదే. ఒకే ప్రోగ్రాములో ఏకకాలమున నడచు పనులను థ్రెడ్లందురు. పేరునకు వానికన్నింటికి మెమరీ ఒక్కటే. కాని వేగము కొరకు ప్రాసెసరు తాను వ్రాసినదానిని కొంతసేపు తనయొద్దనే నిలుపుకొనవచ్చును. కంపైలరు వ్రాతల వరుసనే మార్చవచ్చును. ఒక థ్రెడ్ సమాచారమును వ్రాసి, పిమ్మట ‘సిద్ధము’ అను గుర్తు పెట్టెననుకొందము. రెండవ థ్రెడ్ ఆ గుర్తును చూచియు పాత సమాచారమునే చదువవచ్చును. రసీదు చేతికి వచ్చినది, పద్దు మాత్రము పడలేదు!

1965లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా, పలు కంప్యూటర్లలో ఒక సమయమున ఒక్కటి మాత్రమే కీలకభాగమున ప్రవేశించు ఉపాయమును ప్రకటించెను. ఒకరి వ్రాత ఇతరులకు వరుస తప్పక కనబడుననునదే దానికి ఆధారము. 1979లో లెస్లీ లాంపోర్టు ఈ ఆధారమునకు స్పష్టమైన నిర్వచనమిచ్చెను: అన్ని ప్రాసెసర్ల పనులును ఒకే వరుసలో జరిగినట్లుండవలెను, ఆ వరుసలో ఏ ప్రాసెసరు ప్రోగ్రాము క్రమమును తప్పరాదు. ప్రాసెసర్లు విడివిడిగా సరిగా పనిచేసినంతమాత్రమున ఇది సిద్ధింపదనియు ఆయన చూపెను.

1990లో, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన సరితా అడ్వే, మార్క్ హిల్‌తో కలిసి ఒక ఒడంబడికను ప్రతిపాదించెను. ఉమ్మడి సమాచారమును ప్రోగ్రామరు లాకులు మొదలగువానితో క్రమబద్ధము చేసినచో, లాంపోర్టు చెప్పిన వరుసయే కనబడునట్లు చేయుట యంత్రము బాధ్యత. జావా భాషకు 1996లో ఏర్పడిన మెమరీ నియమములలో లోపములు బయల్పడగా, 2004లో వానిని సవరించిరి. ఒక థ్రెడ్ లాకును విడిచిన పిమ్మట అదే లాకును పట్టిన థ్రెడ్‌కు, మొదటిది అంతవరకు వ్రాసినదంతయు కనబడి తీరవలెను. 2011లో సి ప్లస్ ప్లస్ భాషయు ఇట్టి నియమములను గైకొనెను.

ఇందు పలువురు మరచు విషయమొకటి కలదు. వ్రాయువాడు లాకు పట్టినంతనే చాలదు. చదువువాడును అదే లాకును పట్టవలెను. కరణమొక్కడే వచ్చి, కచ్చేరి లెక్క రాకున్న జమాబంది ఎట్లు జరుగును? హోసూరు, బెంగళూరులకు ఈ ఉద్యోగములకై పోవు మన పిల్లలు దీనిని తెలిసికొనుట అవసరము. ఈ దోషము పరీక్షలలో దాగి, పని రద్దీలో బయటపడును. మరల వెదకిన దొరకదు. వ్రాయుట వేరు, కనబడుట వేరు. రెంటికిని నడుమ ఉభయులు అంగీకరించిన కట్టుబాటు ఉండవలెను.