స్టేషన్ ఘన్‌పూర్: 64 గుర్తుల వరుసకు వ్యాఖ్యానం

కాజీపేట, సికింద్రాబాద్ రైలు మార్గంలోని ఈ ఊరి పేరును, బైట్లను 64 రకాల గుర్తులతో రాసే బేస్64లోకి మారిస్తే 64 గుర్తులవుతాయి. మొదట 4, పెద్ద ఎల్, పెద్ద సి, మళ్లీ 4; చివర రెండు సమానపు గుర్తులు.

బైట్లు: కంప్యూటరు అక్షరాలను బైట్లుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. ‘స్టేషన్’లో అలాంటివి 7, అంటే 21 బైట్లు. ‘ఘన్‌పూర్’లో కనిపించేవి 7, లెక్కకు 8. న్ కింద ప వత్తు పడకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు ఒకటి మధ్యలో ఉంది. దానికీ 3 బైట్లే. పదాల నడుమ ఖాళీతో కలిపి మొత్తం 46. ఆ గుర్తు లేకుండా ‘ఘన్పూర్’ అని టైపు చేస్తే బైట్లు 43కు, వరుస 60కి తగ్గుతాయి. దరఖాస్తులో ఒకలా, రికార్డులో ఇంకోలా ఉంటే, ఉన్నదున్నట్టు పోల్చే ప్రోగ్రాముకు ఇవి రెండు వేర్వేరు ఊళ్లు! పేర్లన్నిటినీ ముందే ఒక తీరుకు తెచ్చుకోవాలి. తెలుగు సైట్లు కట్టేవాళ్లు ఈ పనిని వాయిదా వేయకూడదు.

బేస్64: 3 బైట్ల 24 బిట్లను ఆరేసి చొప్పున విడదీసి, ఒక్కో ముక్కకు ఒక గుర్తు ఇస్తారు. కాబట్టి తెలుగు అక్షరానికి సరిగ్గా 4 గుర్తులు. ‘ఘ’ ఒక్కటే అయితే 4, పెద్ద ఎల్, పెద్ద సి, పెద్ద వై. తెలుగు పాఠంలో ‘4 ఎల్ సి’ పదేపదే కనిపించేది ఇందుకే. ఖాళీ రాగానే లెక్క ఒక బైటు జరిగి ఆ వరస చెదిరిపోతుంది.

సమానపు గుర్తులు: 46ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది. ఆఖరి నాలుగింటిని నింపేవి ఇవే.

పర్సెంట్ ఎన్‌కోడింగ్: లింకులో బైటుకు 3 గుర్తులు, ‘ఘ’కు 9. తెలుగు వికీపీడియా లింకు వాట్సాప్‌లో శాతం గుర్తులతో బారుగా సాగేది దీనివల్లే. లింకులో బేస్64 పెడితే కూడిక గుర్తు ఖాళీగా మారే ప్రమాదముంది. అందుకే 2006 నాటి ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 4648 దాని బదులు అడ్డగీతను వాడే మరో రూపాన్నీ ఇచ్చింది.

డేటా యూఆర్‌ఎల్: బొమ్మను పేజీలోనే బేస్64గా పొదగడం. చిన్న చిహ్నానికి బాగుంటుంది. 300 కేబీ ఫోటో మాత్రం 400 కేబీ అవుతుంది, ఆ భారం చూసేవారి డేటా మీదే.

భద్రత: బేస్64లో తాళం లేదు. ఆధార్ ధ్రువీకరణలో వేలిముద్ర సమాచారాన్ని ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాతే బేస్64లోకి మారుస్తారు. మొదటి పని మానేసి రెండోది మాత్రమే చేసిన సైటులో ఆధార్ నంబరును బ్రౌజరులో ఒక్క ఆదేశంతో ఎవరైనా చదివేయగలరు.