బహుభాషా కవిసభ: హైదరాబాదు శ్రోతల కథ

హైదరాబాదులో బహుభాషా కవిసమ్మేళనం ఎక్కడ జరిగినా, ఆహ్వానపత్రంలోనో అధ్యక్షోపన్యాసంలోనో 'గంగా జమునా తహజీబ్' (హిందూ ముస్లిం ఉమ్మడి సంస్కృతి) అన్న మాట వచ్చి తీరుతుంది. నాలుగు భాషల కవులు ఒకే వేదిక మీద కూర్చోవడం ఈ ఊరికి పుట్టుకతో అబ్బిన గుణమనీ, కుతుబ్‌షాహీల నాటి నుంచీ అదే పరంపర అనీ వక్తలు చెబుతారు. ఊరి మీద ప్రేమతో చెప్పే మాటే అది, అందులో కొంత నిజమూ ఉంది. అయితే చరిత్రను నిదానంగా చూస్తే మరో సంగతి తేలుతుంది. ఈ ఊళ్లో అనేక భాషల కవులు ఎప్పుడూ ఉన్నారు. ఒక భాష కవిత్వాన్ని మరో భాషవాళ్లు పక్కపక్కనే కూర్చుని, అర్థమై, తల ఊపి, ఇంకోసారి చదవమని అడిగిన కాలం మాత్రం చాలా కొద్దిది. ఆ కొద్ది కాలాన్నయినా తెచ్చింది పాలకుల ఔదార్యం కాదు, రెండు మూడు భాషలు చదువుకుని సభకు వచ్చిన శ్రోతలు. కవుల గురించి మనకు బోలెడు పుస్తకాలున్నాయి. శ్రోతల సంగతి పట్టించుకోకపోవడం వల్లనే బహుభాషా సభలు ఎందుకు పెరిగాయో, ఎందుకు చప్పబడ్డాయో మనకు సరిగా అర్థం కాలేదని నా అభిప్రాయం.

ముందుగా గోలకొండ దగ్గరికే వెళ్దాం, ఎందుకంటే ఎదురువాదం అక్కడినుంచే మొదలవుతుంది. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితమిచ్చాడు. పటాన్‌చెరు ప్రభువు అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన్న 'యయాతి చరిత్ర'ను, అదీ అచ్చ తెలుగులో రాసి, కృతి ఇచ్చాడు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీలో గొప్ప కవి, అతని కవిత్వంలో తెలుగు మాటలూ దొర్లుతాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనవచ్చు. కానీ కృతి ఇవ్వడం, పుచ్చుకోవడం ఒక కవికీ ఒక ప్రభువుకూ మధ్య జరిగే వ్యవహారం. దాన్ని సభ అనలేం. ఇంకా ముఖ్యమైన విషయం, ఇబ్రహీం గద్దెనెక్కక ముందు ఏడేళ్లపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో బతికాడు. తెలుగు కవిత్వం ఆయన చెవిన పడింది అక్కడే. పోషణ అన్నది ఆ వినికిడి నుంచి పుట్టింది. ప్రభువుకు చెవి ఉన్నంతకాలం తెలుగు కవికి ఆదరం ఉంది, 1687లో గోలకొండ మొగలుల వశమయ్యాక అదీ పోయింది. అంటే గోలకొండ ఉదాహరణ నా వాదానికి అడ్డు రావడం లేదు, ఒకే ఒక్క శ్రోత మీద నిలబడ్డ పరంపర ఎంత బలహీనమో చూపిస్తోంది.

ఇక్కడ శ్రోత పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ముషాయిరాను, అంటే ఉర్దూ కవిసభను, దూరం నుంచి చూసేవాళ్లు కవి చదువుతాడు, జనం 'వాహ్ వా' అంటారు అనుకుంటారు. నిజానికి అక్కడ సగం పని జనానిదే. గజల్‌లో మొదటి షేర్ (రెండు పాదాల పద్యం) వినగానే రదీఫ్ (పాదం చివర తిరిగి వచ్చే మాట), కాఫియా (దానికి ముందుండే ప్రాస) ఏవో శ్రోతకు తెలిసిపోతాయి. తర్వాతి షేర్‌లో మొదటి పాదం వింటూనే, రెండో పాదం ఏ మాట మీద వాలుతుందో అతను ముందే వెతుక్కుంటుంటాడు. కవి మొదటి పాదాన్ని రెండుసార్లు చదివేది ఆ వెతుకులాటకు వ్యవధి ఇవ్వడానికే. ఊహించిన మాటే ఊహించని దారిలో వచ్చినప్పుడు సభ ఘొల్లుమంటుంది, 'ముకర్రర్' (మళ్లీ చదవండి) అని కేకలు లేస్తాయి. తర్హీ ముషాయిరాలోనైతే ఒక పాదం ముందే ప్రకటించి, దాని మీదే అందరూ గజళ్లు కట్టుకురావాలి. అప్పుడు ప్రతి శ్రోతా తన మనసులో ఒక షేర్ కట్టుకునే వస్తాడు. ఇది మనకు కొత్తదేమీ కాదు. అష్టావధానంలో సమస్య ఇచ్చినప్పుడు జరిగేదీ ఇదే. పృచ్ఛకుడు ఇచ్చిన అసంబద్ధమైన పాదాన్ని అవధాని ఎలా దారికి తెస్తాడా అని ఛందస్సు తెలిసిన ప్రతివాడూ లోలోపల మిగతా మూడు పాదాలూ పూరించుకుంటూ ఉంటాడు. దత్తపదిలో ఉర్దూ మాటలో, ఇంగ్లీషు మాటలో ఇచ్చి భారత కథ చెప్పమంటే సభ అంత ఉత్సాహపడేది కూడా అందుకే, ఆ మాటలు ఏ సంధిలో కలిసి తెలుగైపోతాయో చూడాలన్న ఆత్రం. ఈ రెండు ప్రక్రియలూ ఒకే నేల మీద, ఒకే ఊళ్లో, ఇంత దగ్గరి స్వభావంతో పెరిగాయి. అయినా శతాబ్దాలపాటు ఒకదాని శ్రోతలు మరొకదాని గడప తొక్కినట్టు కనిపించదు. భాష తెలిసి ఉండటం ఒక్కటే చాలదు, ఆ ప్రక్రియ ఆడే ఆట తెలియాలి. ఆ ఆట నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఆసఫ్‌జాహీల కాలంలో ముషాయిరాకు మహాదశ పట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవితా గురువుగా దాగ్ దెహ్లవీ ఇక్కడికొచ్చి, 1905లో ఇక్కడే కన్నుమూశాడు. ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాద్ 'షాద్' పేరుతో ఉర్దూ, ఫారసీల్లో రాసేవాడు, తన దేవిడీలో ముషాయిరాలు జరిపేవాడు. హిందువూ ముస్లిమూ కలిసి కూర్చున్న సభలే అవి, కాదనలేం. అయితే మతాలు కలిసినంత మాత్రాన భాషలు కలిసినట్టు కాదు. నిజాం రాజ్యంలో అత్యధికుల మాట తెలుగు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం. దేవిడీల్లోని సభల్లో వీటికి చోటు లేదు. తెలుగువాళ్లు తమ పుస్తకాలు తాము చదువుకోవడానికి 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. ఒకే ఊళ్లో రెండు సాహిత్య లోకాలు పక్కపక్కనే నడిచాయి.

ఆ రెండు లోకాలే కాదు, పాలిత భాషల మధ్య కూడా వినికిడి లేదన్నది 1921 నవంబరులో బయటపడింది. వివేకవర్ధని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది, అధ్యక్షుడు మహర్షి కర్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగిపోయాయి. అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో ఈలలు, చప్పట్లు, గేలి. ఆయన మాట పూర్తిచేయలేకపోయారు. ఆ అవమానం భరించలేక లేచి వచ్చిన కొద్దిమంది తెలుగువాళ్లు ఆ రాత్రే ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు, దానిలోంచే ఆంధ్ర మహాసభ వచ్చింది. రాజకీయ చరిత్రకారులు ఈ ఘటనను ఒక ఉద్యమానికి మొదలుగా చెబుతారు. సభల చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఇంకోలా చదవాలి. అది నిజంగా బహుభాషా సభే. వేదిక మీద భాషలు చాలానే ఉన్నాయి, కార్యక్రమం కూడా ఉదాత్తమైనదే. లేనిది కింద కూర్చున్నవాళ్లలో తెలుగు మీద మన్నన. తెలుగులో కవిత్వమేముంది అన్న చులకన అప్పటికి ఎంత ముదిరిందంటే, పదమూడేళ్ల తర్వాత సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి, తెలంగాణలో కవులున్నారని లెక్కపెట్టి చూపాల్సి వచ్చింది. ఊరూరా ఉన్న కవులను కాగితం మీద కూర్చోబెట్టి జరిపిన మహాసభ అది. సభలో గేలి చేయగలిగిన నోళ్లు ఆ పుస్తకం ముందు మూతపడ్డాయి.

మరి నేను ముందు చెప్పిన ఆ కొద్ది కాలం ఎప్పుడొచ్చింది? విచిత్రంగా, తెలుగును తొక్కిపెట్టిన చదువే దానికి దారి తీసింది. బళ్లలో ఉర్దూ మాధ్యమం, 1918లో వెలిసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం నుంచి న్యాయశాస్త్రం దాకా అన్నీ ఉర్దూలోనే. ఇంట్లో పోతన పద్యం, బళ్లో గాలిబ్, ఇక్బాల్. అలా పెరిగిన తరం నుంచి వచ్చినవాడే దాశరథి. నిజాం మీద నిప్పులు చెరిగి జైలుకు వెళ్లిన మనిషి, నిజాం రాజభాషలోని మహాకవిని గుండెకు హత్తుకుని 1961లో 'గాలిబ్ గీతాలు'గా తెలుగువాళ్లకు అందించాడు. సి. నారాయణరెడ్డి పట్టభద్రుడయ్యేదాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. రదీఫ్, కాఫియాల నియమం చెడకుండా తెలుగులో గజల్ రాయగలగడానికి ఆ చెవే కారణం. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ అయిన కాళోజీ తెలుగుతోపాటు ఉర్దూలోనూ మరాఠీలోనూ రాశాడు. ఆదిలాబాదులో కూర్చుని సామల సదాశివ గారు అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. 1908 మూసీ వరదలో కుటుంబాన్ని పోగొట్టుకున్న ఆ కవి దుఃఖం తెలుగులోకి రావడానికి ఉర్దూ బడిలో చదివిన తెలుగువాడు కావలసివచ్చింది. వీళ్లందరూ కవులుగా పేరుకెక్కినవాళ్లు. వీళ్ల వెనక పేరు లేనివాళ్లు వేలల్లో ఉన్నారు, తహసీలు కచేరీ గుమస్తాలు, వకీళ్లు, బడిపంతుళ్లు, పోలీసు అమీన్లు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ గజల్ చదివితే ఉర్దూ ఇంటి భాష కానివాళ్లు కూడా షేర్ షేర్‌కూ దాద్ (మెచ్చుకోలు) ఇవ్వగలిగింది ఈ తరం వల్లనే. యాభైల, అరవైల నాటి హైదరాబాదు సాహిత్య సభల వెలుగు అంతా ఈ మధ్యతరగతి చెవుల పుణ్యమే.

ఈ మాట అంటే వెంటనే ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. తల్లిభాషలో చదువుకునే హక్కును లాక్కున్న వ్యవస్థను పొగుడుతున్నావా అని. పొగడటం లేదు. ఎన్ని లక్షలమంది పిల్లలు అర్థం కాని భాష వల్ల బడికే దూరమయ్యారో తలుచుకుంటే ఆ వ్యవస్థను ఎవరూ వెనకేసుకురాలేరు. దాని ఫలం కూడా ఒంటివైపే కాసింది. తెలుగువాళ్లు ఉర్దూ నేర్చుకోక తప్పలేదు, ఉర్దూవాళ్లకు తెలుగు నేర్చుకోవలసిన అవసరం ఎవరూ కల్పించలేదు. కాబట్టి ముషాయిరాలో తెలుగు శ్రోత కనబడ్డాడు గాని, అవధాన సభలో ఉర్దూ శ్రోత కనబడటం అరుదు. గాలిబ్‌ను తెలుగు చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినా పేర్లు తోస్తాయి, తిక్కన పద్యాన్ని ఉర్దూ సభకు రుచి చూపించినవాళ్ల పేర్లు అడిగితే అంత సులువుగా నోటికి రావు. ఇరుపక్కలా సాగని వినికిడి మీద కట్టిన సభ, ఆ ఒక్క పక్క కూడా కుంగితే నిలవదు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. 1956 తర్వాతి పిల్లలు తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివారు. తల్లిభాషకు న్యాయం జరగవలసిందే, జరిగింది కూడా. కానీ ఉర్దూ అక్షరాలు వచ్చిన తెలుగువాళ్ల తరం తర్వాత ఆ చోటు భర్తీ కాలేదు.

కవిత్వానికి అర్థం అంత అవసరమా, తరన్నుంలో గజల్ పాడుతుంటే, రాగంలో పద్యం చదువుతుంటే భాష రానివాడూ పరవశించడా అన్నది మరో వాదం. పరవశిస్తాడు, సంగీతానికి. తరన్నుం లేకుండా తహత్‌లో చదివే కవి దగ్గర, వచన కవిత చదివే కవి దగ్గర ఆ సాయం ఉండదు. దీనికి ఊరే ఒక చక్కని రుజువు ఇచ్చింది. అరవైల నుంచీ జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ వాళ్లు నడిపిన దక్కనీ హాస్య ముషాయిరాలకు జనం విరగబడి వచ్చేవారు. సులేమాన్ ఖతీబ్ లాంటివాళ్ల కవిత్వంలో రాగం ఊరించేదేమీ లేదు. అత్తాకోడళ్ల తగువు, జీతం చాలని గుమస్తా గోడు, అదీ బజారులో అందరూ మాట్లాడే దక్కనీలో. ఫారసీ సమాసాలు అందనివాడికి కూడా ఆ మాట చెవిలో పడగానే నవ్వొచ్చింది. తెలుగు కూలీకీ ఉర్దూ దర్జీకీ ఉమ్మడి ఆస్తి అయిన భాష దొరికినచోట సభ నిండిపోయింది.

అనువాదం ఉందిగా అనేవాళ్లకు ఆకాశవాణి అనుభవం చూడమంటాను. 1956 నుంచి ఏటా గణతంత్ర దినోత్సవ సందర్భంలో సర్వభాషా కవిసమ్మేళనం జరుగుతోంది. మూలం, వెంటనే హిందీ అనువాదం, ఆ తర్వాత ప్రాంతీయ కేంద్రాల నుంచి ఆయా భాషల్లో ప్రసారం. మలయాళ కవిని తెలుగు పల్లెకూ, అస్సామీ కవిని తమిళ పట్నానికీ తెచ్చిన ఈ పని విలువను నేను తక్కువ చేయను. ఇంత పెద్ద దేశంలో అంతకు మించిన దారి కూడా లేదు. అయితే అది పరిచయం. మూలం చదువుతున్నంతసేపూ శ్రోత ఆగి ఉంటాడు, అర్థం అందేసరికి కవి కూర్చుంటాడు. పక్క పేటలో ఉండే భాషకు కూడా మనం ఈ దూరపు మర్యాదనే పాటిస్తే, చార్మినార్‌కూ సుల్తాన్ బజారుకూ మధ్య కూడా దుబాసీ కావలసి వస్తుంది. ఇవాళ్టి చాలా బహుభాషా సభల్లో జరుగుతున్నది అదే. తెలుగు కవి చదివేటప్పుడు తెలుగువాళ్లు వింటారు, ఆ వంతు అయ్యాక ఒక్కొక్కరే లేస్తారు, చివరికి ఉర్దూ కవికి ఉర్దూవాళ్లే మిగులుతారు.

ఇది పూడ్చలేని లోటు కాదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని మాధ్యమాల బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అది సక్రమంగా అమలైతే, ఉర్దూ ఇళ్ల పిల్లలు పెద్ద సంఖ్యలో తెలుగు పద్యం చదువుకునే అవకాశం వస్తుంది, అంటే ఇన్నాళ్లూ మూసుకుపోయి ఉన్న రెండో పక్క తెరుచుకుంటుంది. తెలుగు పిల్లలకు ఉర్దూ లిపి నేర్పే ఏర్పాటు కూడా దానికి జతపడాలి. అప్పటిదాకా సభలు జరిపేవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. చదవబోయే ఉర్దూ కవితలను తెలుగు లిపిలోనూ, తెలుగు కవితలను ఉర్దూ లిపిలోనూ అచ్చువేసి, కఠినమైన మాటలకు అర్థాలిచ్చి, వారం ముందే శ్రోతలకు పంపవచ్చు. మిస్రాను (పాదాన్ని) ముందుగా ప్రకటించే తర్హీ ముషాయిరా ఆనవాయితీ మనకు ఉండనే ఉంది. ఈసారి ఒక ఉర్దూ మిస్రానూ ఒక తెలుగు సమస్యనూ కలిపి ప్రకటించి, పూరణలకు రెండు పేటల వాళ్లనూ పిలవవచ్చు.