పోలేలాలో పడిన బీజం
దక్షిణాఫ్రికా కుటుంబ వైద్యాన్ని స్పెషాలిటీగా గుర్తించింది 2007లో. ఆ వైద్యపు చదువుకు బీజం పడింది మాత్రం 1940లో, నాటాల్‌లోని పోలేలా అనే జులూ పల్లెసీమలో. మధ్యలో అన్నేళ్లు గడిచిపోవడానికి ముఖ్యకారణం వర్ణవివక్ష పాలనే.

సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్ దంపతులు అక్కడ ఆరోగ్య కేంద్రం పెట్టి, రోగులు వచ్చేదాకా ఎదురుచూడలేదు. స్థానికులకే తర్ఫీదునిచ్చి ఇంటింటికీ పంపారు. ఎవరు ఏం తింటున్నారో, ఏ ఇంట్లో ఏ జబ్బు ఉందో రాయించారు. పిల్లల పోషకాహార లోపానికి మందులతో సరిపెట్టక పెరటి కూరగాయలు వేయించారు. సిఫిలిస్ అంతగా పాకడానికి మూలం మగవాళ్లను ఇల్లూవాకిలికి దూరం చేసే వలస కూలి విధానమేనని సిడ్నీ 1949లో రాశారు. ఆ వ్యాసం ఈనాటి వైద్య విద్యార్థి కూడా చదవవలసినది.

ఇదే నమూనాలో దేశమంతటా 400 కేంద్రాలు పెట్టాలని గ్లక్‌మన్ కమిషన్ 1944లో సిఫార్సు చేసింది. సుమారు 40 మాత్రమే వెలిశాయి. 1948లో వర్ణవివక్షను అమలుచేసిన నేషనల్ పార్టీ గెలిచాక వాటికి ఆదరణ కరువైంది. డర్బన్‌లో నల్లజాతీయులకు, భారతీయులకు తెరిచిన నాటాల్ వైద్య కళాశాలలో కార్క్ దంపతులు సామాజిక, నివారణ, కుటుంబ వైద్యాన్ని బోధించారు. చెరకు తోటల్లోకి కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులకూ ప్రవేశమున్న కళాశాల అది. చివరికి 1958లో వాళ్లు దేశం విడిచారు. 1957లో పోలేలాలో పని నేర్చుకున్న అమెరికన్ విద్యార్థి జాక్ గైగర్ తర్వాత మిసిసిపీలో అలాంటి కేంద్రమే నెలకొల్పాడు. సొంత దేశం కాలదన్నిన విద్య పరాయి నేల మీద వేళ్లూనడం నన్ను బాధిస్తుంది.

1968లో ప్రిటోరియా విశ్వవిద్యాలయం కుటుంబ వైద్య విభాగాన్ని ప్రారంభించింది. మరికొన్ని విశ్వవిద్యాలయాలూ ఆ బాట పట్టాయి. కానీ చాలాకాలం ఇది ప్రాక్టీసు చేసుకుంటున్న డాక్టర్లు తీరిక చేసుకుని చదువుకున్న పార్ట్‌టైమ్ చదువే.

1994లో వర్ణవివక్ష పాలన ముగిశాక వచ్చిన కొత్త ప్రభుత్వం వైద్యసేవలను జిల్లాల మీద నిలపాలనుకుంది. 1997లో విశ్వవిద్యాలయ విభాగాలు కన్సార్టియంగా చేతులు కలిపాయి. స్పెషాలిటీ హోదా వచ్చాక నాలుగేళ్ల రిజిస్ట్రార్ (స్పెషలిస్టు కావడానికి శిక్షణ పొందే డాక్టర్) శిక్షణ మొదలైంది. జిల్లా ఆసుపత్రిలో ప్రసవాలు, సిజేరియన్లు, మత్తుమందు, హెచ్‌ఐవీ, క్షయ చికిత్స, నర్సులు నడిపే క్లినిక్‌లకు అండ, పైన ఒక పరిశోధన. నా దృష్టిలో ఈ శిక్షణకు బలం అది పెద్దాసుపత్రి గోడల బయట జరగడమే.

2011 సంస్కరణల్లో ఆరోగ్య కార్యకర్తల బృందాలు మళ్లీ ఇంటింటికీ బయల్దేరాయి. జిల్లా నిపుణుల బృందాల్లో కుటుంబ వైద్యుడికి చోటు దక్కింది. శిక్షణ పొందినవాళ్లకు సరిపడా ఉద్యోగాలు కల్పించడంలో మాత్రం ప్రావిన్సులు వెనకబడ్డాయి.